బల్లకి కాసిన రసం

బావా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. భోజనాలయ్యాక అత్త అటక మీది నీ మూడు సీసాలూ దింపించి, "బల్లకి కాసిన రసం. ఆడే లేడు కదా, పాస్టరు గారికిచ్చీ," అంది.

చర్చిలో రొట్టె, రసం పంచే ప్రభువు బల్లకి ఎండుద్రాక్ష రసం కాసేది నువ్వే. అందుకే సీసా మీది ద్రాక్షగుత్తి బొమ్మ చూపించి, చదువురాని మీ అమ్మని అదే రసమని ఇన్నేళ్లూ నమ్మించావు. జీడిపప్పు లోడుతో ఏ ఊరెళ్లినా చవకలో దొరికిన వైను తెచ్చి, స్టీలు గ్లాసులో నాకూ రుచి చూపించేవాడివని ఎలా చెప్పను? పాస్టరు గారు అప్పుడే బండి తీస్తున్నారు. అత్తని వంటింట్లోకి లాక్కెళ్లి చెప్పేశాను.

తిట్టలేదు. ఆయన్ని సాగనంపి వచ్చి, "తే, సూద్దాం," అంది.

నాసిక్ సీసాలోది నాలిక్కి తగలగానే, "సింతపండు నీలు," అంది. గోవాది బెల్లం పానకమంది. నువ్వూ అదే మాట అనేవాడివి. బెంగళూరుది మాత్రం తాగలేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"ప్రార్థనకి నా పక్కన కూకునీవోడు కదే, అప్పుడీ వాసనే వచ్చీది."

నేను సీసా మూత అందుకున్నాను.

"ఉండనీ. మూతెట్టకు," అంది.