సూప్‌లో ఉప్పు

బావోరొంగ్, మొదటి బస్సుకే మా అమ్మను చూడ్డానికి వెళ్తున్నా. ముందు క్లినిక్‌కి పోయి హెరాయిన్ మాన్పించే ఆ మెథడోన్ మందు తాగు, ఆ తర్వాతే నూడుల్స్ కొట్టు తెరువు. రేపటికి బియ్యం నానబెట్టడం మర్చిపోకు.

నిన్న అందరి ముందూ నా సూప్‌లో ఉప్పు తక్కువైందన్నావు. ఒళ్ళు మండింది. హెరాయిన్ రోజుల్లో ఏం పెట్టినా ఏం తింటున్నావో నీకే తెలిసేది కాదు. ఇప్పుడు వంకలు పెడుతున్నావు! తర్వాత తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

"ఆ మత్తు మానేసి ఈ మందుకు మరిగాడు" అని పక్కకొట్టు పెంగ్ పిన్ని మళ్ళీ దెప్పితే, "మత్తులో ఉన్నవాడు ఉల్లికాడలు ఇంత సన్నగా తరుగుతాడా, పిన్నీ?" అని అడుగు.

కొట్టు తాళంచెవి నీ దిండు పక్కనే పెట్టాను. ఇన్నేళ్ళూ అది నా మెళ్ళోనే ఉండేది.

సూచిన్

ఇంకోటి, సూప్ కాచి ఉంచాను. ఉప్పు వెయ్యలేదు. నువ్వే రుచి చూసి వెయ్యి.