గేటు పక్క గది

కోరుట్ల,
24 సెప్టెంబర్ 2011

నా సుమకు,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. సమ్మెలో బస్సులు ఆగినా తపాలా ఆగలేదు. ఫోన్‌లో చెప్పేదానికి ఉత్తరాలెందుకు అమ్మమ్మా అని అడిగావు. మీ అమ్మ ఫోన్ ఛార్జింగ్ పెడదామంటే కరెంటు ఉండదు. ఉన్నప్పుడు నువ్వు ఎత్తవు. ఎత్తినా “ఆఁ అమ్మమ్మా, ఆఁ” అంటావే తప్ప చెప్పినవాటిలో ఒక్కటీ చేయవు. రాసి పంపితే తప్పించుకోలేవు.

మోకాలి కట్టు ఇంకా విప్పలేదు. మీ అమ్మ కవిత నన్ను మంచం దిగనివ్వడం లేదు. నా కన్నబిడ్డే నాకు హెడ్‌మాస్టరయింది. ఇక ఇంటి సంగతులు.

బోరు మోటారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు వేయాల్సి వస్తోందని రాశావు, సరే. కానీ ట్యాంకు నిండి పొర్లుతుంటే చూస్తూ నిలబడకు. బ్యానర్లు రాసే కుంచెలు గిన్నెలు తోమే నల్లా దగ్గర కడగొద్దని వేణుకు మళ్లీ చెప్పు. సిరిసిల్లలో మన రంగుల గల్లీలో ఇల్లు కట్టినప్పుడే నాకు తెలుసు, కిరాయికి వచ్చేవాళ్లంతా బొమ్మలు వేసేవాళ్లు, వేషాలు కట్టేవాళ్లు, పాటలు పాడేవాళ్లే అని. తెలిసే కట్టాను. అంతమాత్రాన నా నల్లా రంగులు మారాలని లేదు.

వేణు బృందం డాబా మీద పాటలు నేర్చుకుంటే నాకు అభ్యంతరం లేదు. “టీచరమ్మ లేదు గదా, పది దాక కొట్టుకుంటం” అన్నాడట. తెలంగాణ రావాలని నాకూ ఉంది. రాత్రి తొమ్మిది దాటాక రానక్కర్లేదు. ఈ మాట అతనికి ఇలాగే చదివి వినిపించు.

గేటు పక్క గది సంగతి. జెండాలు పెట్టుకోవడానికి వేణు కిరాయికి అడుగుతున్నాడని రాశావు. ఇల్లు కట్టినప్పటి నుంచి ఖాళీగా పెట్టిన గదిని వారం వారం కడగడమెందుకు, ఏటా సున్నం వేయించడమెందుకు అని అడిగావు. ఆ గది వల్ల ఎంత కిరాయి పోయిందో కూడా లెక్క కట్టి పంపావు. లెక్క సరిగ్గానే ఉంది. నా దగ్గర నేర్చుకున్నావు కదా. అయినా ఇవ్వొద్దు. కారణం అడగొద్దు.

నీ ఉత్తరం చివర రాసిన నాలుగు మాటలే నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. పైన ఐదో పోర్షన్‌లో ఉండే రాజనర్సు ఇంకా కరీంనగర్ దవాఖానాలోనే ఉన్నాడన్నావు. బాలవ్వ మాత్రం ఒక్కతే ఇంటికి వచ్చి గిన్నెలు, బట్టలు సంచుల్లో మూటలు కడుతోందన్నావు. ఎందుకని అడిగితే “ఏం లేదు బిడ్డా” అన్నదట. ఏడేళ్లుగా ఒక్క నెల కిరాయి ఆలస్యం చేయని మనిషి, మొగుడు దవాఖానాలో ఉంటే మూటలెందుకు కడుతుంది? అడిగితే చెప్పదు. పక్కన కూర్చుని మూటలు కట్టడానికి సాయం చెయ్యి. అప్పుడు చెబుతుంది. చెప్పిన వెంటనే ఫోన్ చెయ్యి. నీ ఫోన్ కోసం నేనే ఎదురు చూడడం ఇదే మొదటిసారి.

నీ అమ్మమ్మ,
దేవవ్వ

*

కోరుట్ల,
30 సెప్టెంబర్ 2011

సుమా, నా తల్లీ,

పొద్దున ఫోన్‌లో గేటు పక్క గది తాళం తీయమని మాత్రమే చెప్పి పెట్టేశాను. “ఎందుకు అమ్మమ్మా?” అని నువ్వు అడుగుతూనే ఉన్నావు. అది ఫోన్‌లో చెప్పే మాట కాదు. అందుకని రాస్తున్నాను.

బాలవ్వ నీతో అన్న మాటలను నువ్వు ఫోన్‌లో ఉన్నవున్నట్టు చెప్పావు. “ఇగ మా చేతుల లేదు, ఇంటికి తీస్కపొమ్మని డాక్టర్లన్నరు బిడ్డా. కిరాయింట్లకు పీనుగను ఎవలు రానిస్తరు? టీచరమ్మ మంచిదే. మంచోళ్లను గా మాట అడిగి ఇబ్బంది వెట్టుడెందుకు? రాయికల్ అవుతల మా ఊళ్లె మా పాలోళ్ల కొట్టమున్నది. పసులు గుడ లేవు. ఆడ పండవెడ్త.”

పశువుల కొట్టంలో. జీవితమంతా హార్మోనియం వాయించి ఊరూరా జనాన్ని రాత్రంతా కూర్చోబెట్టిన మనిషిని.

మీ తాతయ్య ప్రభుదాస్ ఎలా పోయాడో నీకు తెలుసు, కామెర్లతో పోయాడని. పోయాక ఏం జరిగిందో నీకు తెలియదు. మీ అమ్మతో కూడా నేను ఎప్పుడూ ఆ సంగతి మాట్లాడలేదు. అప్పుడు జగిత్యాలలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉన్నాం. ఆ రెండు గదులు దొరకడానికే ఎంతోమంది గడపలు తొక్కాం. మా పేర్లు అడిగేవాళ్లు, ఏ ఊరని అడిగేవాళ్లు, చర్చికి పోతారా అని అడిగేవాళ్లు, ఆ తర్వాత గది ఖాళీ లేదనేవాళ్లు. ఈ ఇంటాయన మాత్రం అవేవీ అడగలేదు. పంతులమ్మలకు ఇల్లివ్వడం గౌరవమన్నాడు. అందుకే ఆ రోజు ఆయన మీద కోపం తెచ్చుకోవడం కూడా నాకు చేతకాలేదు.

దవాఖానా నుంచి ప్రభుదాస్‌ను తెచ్చిన బండి వాకిట్లో ఆగేసరికి ఆయన గేటుకు అడ్డంగా నిలబడి చేతులు జోడించాడు. “టీచరమ్మా, నన్ను తప్పువట్టకు. వేరేటోళ్ల పీనుగు మా ఇంట్లకెల్లి లేస్తే మాకు మంచిగ గాదంటున్నరు ఇంట్ల. రేపు ఇంకెవ్వలు గుడ కిరాయికి రారు.” వాన పడుతోంది. ఆయనే పరుగెత్తుకుపోయి పసుపు మీద కప్పే టార్పాలిన్ తెచ్చాడు. రోడ్డు పక్కన కట్టాడు. తాడు ఒక కొస కరెంటు స్తంభానికి, రెండో కొస తన గేటుకే కట్టాడు. తడుస్తూ రాత్రంతా మాతోనే కూర్చున్నాడు. మీ అమ్మకు అప్పుడు ఏడేళ్లు. “నాయిన మంచం లోపటున్నది గద. బయట ఎందుకు పండవెట్టిండ్రు?” అని అడిగింది. వాన తగలకుండా దాన్ని నా కొంగులోకి లాక్కున్నాను.

ఆ తర్వాత మూడేళ్లు అదే ఇంట్లో ఉన్నాను. ఇంకెక్కడికి పోయినా ఆ గేటే కదా.

సిరిసిల్లలో ఇల్లు కట్టేటప్పుడు గేటు పక్క గదికి దర్వాజ ఇంత వెడల్పెందుకని మేస్త్రీ అడిగాడు. పెద్ద బీరువా పట్టాలని చెప్పాను. బీరువా కాదు. మంచం పక్కకు వంచకుండా తిన్నగా బయటికి రావాలి. నా ఇంట్లో కిరాయికి ఉన్నవాళ్లను ఎవరినీ టార్పాలిన్ కింద పడుకోబెట్టకూడదని ఆ గది. ఆ పనికి తలుపు తీయాల్సిన రోజు రాకూడదనుకుంటూనే ఏటా సున్నం వేయిస్తూ వచ్చాను. ఇదీ కారణం. నీకు చెబితే నలుగురికీ చెబుతావు, ఆ తర్వాత పిల్లలు ఆ గది ముందు నుంచి నడవడానికి భయపడతారని చెప్పలేదు.

ఇప్పుడు చెయ్యాల్సినవి. గది కడిగించు. ఫ్యాను తిరుగుతోందో లేదో చూడు. నా మంచం వేయించు, నవారుది, మెత్తగా ఉంటుంది. రోడ్ల మీద వంటావార్పులు, రాస్తారోకోలు జరుగుతున్నాయి కాబట్టి కరీంనగర్ బండి వెంట వేణును పంపు. ఏ ఊళ్లో ఆపినా అతని ముఖం చూస్తే దారి ఇస్తారు. మూడో పోర్షన్ పోశవ్వ తప్పకుండా గొడవ పెడుతుంది. పెట్టనీ. ఇల్లు నాదని చెప్పు. గట్టిగా చెప్పు, కానీ తిట్టకు. ఆమెది చెడ్డ మనసు కాదు, చిన్నపిల్లల తల్లి, భయపడుతుంది.

బాలవ్వతో మాత్రం మెల్లగా చెప్పు. మా అమ్మమ్మ ఆయన్ను గేటు పక్క గదికి తెచ్చుకొమ్మన్నది, కొట్టానికి పోవద్దన్నది అని చెప్పు.

నీ అమ్మమ్మ,
దేవవ్వ

*

కోరుట్ల,
14 అక్టోబర్ 2011

బంగారు సుమకు,

నీ ఆరు పేజీల ఉత్తరం మీ అమ్మ నాకు పైకి చదివి వినిపించింది. రెండుసార్లు చదివించుకున్నాను. తర్వాత కళ్లజోడు పెట్టుకుని నేనే చూశాను, అక్షరదోషాలు పదకొండు. వచ్చాక కూర్చోబెట్టి చూపిస్తాను. మిగతాదంతా బాగుంది.

రాజనర్సు మొదటి రెండు రోజులు కళ్లు తెరవలేదని చదివి కవిత నా మంచం పక్కకు వచ్చి కూర్చుంది. మూడో రోజు సాయంత్రం డాబా మీద వేణు బృందం పాడుతుంటే ఆయన కళ్లు తెరిచి నీతో అన్న మొదటి మాట విని ఇద్దరం పగలబడి నవ్వాం. “గా పెట్టె వాయించెటోడెవడు? వాని చేతులిరగ! నా ముందటికి తోలుకరా వాన్ని.” ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు పంపేసిన మనిషికి తప్పుడు స్వరం వినిపించింది! వేణు హార్మోనియం పట్టుకుని కిందికి దిగి వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుని తిట్లు తిన్నాడంటే ఇంకా నవ్వొచ్చింది. నా మాట ఒక్కటీ వినడు కదా.

పోశవ్వ మొదటి రోజు “నా పిల్లలు రేపటెల్లి గా అర్ర ముందర్నుంచి ఎట్ల పోతరు?” అని గేటు దగ్గర నిలబడి కేకలు వేసిందని, నాలుగో రోజు జొన్న జావ పట్టుకొచ్చి “తాగు మామా, ఉప్పు సరిపోయిందా?” అన్నదని రాశావు. నేను చెప్పలేదా?

ఇక నువ్వు పెట్టిన పంచాయితీ. రాజనర్సు ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిట్లో తిరుగుతున్నాడు. మెట్లెక్కలేడు. గేటు పక్క గదినే కిరాయికి ఇమ్మంటున్నాడు. “అమ్మమ్మ ఎవ్వలికి ఇయ్యద్దన్నది తాతా” అని నువ్వన్నావట. దానికాయన, “సచ్చేటందుకైతే ఇస్తదట, బతికేటందుకు ఇయ్యదా? రాయి బిడ్డా మీ అమ్మమ్మకు. గిదేం లెక్కనో అడుగు!” అన్నాడట.

మోకాలు నొప్పెట్టేలా నవ్వాను. తర్వాత మీ అమ్మ కింది పేజీ చదివింది.

బాలవ్వ ఇప్పటికీ మూటలు విప్పలేదన్నావు. జావ తాగి, తిట్టి, తిరుగుతున్న మొగుణ్ని ఎదురుగా పెట్టుకుని కూడా సంచుల్లోంచి ఒక్కో గిన్నె తీసుకుని వండి, కడిగి, మళ్లీ సంచిలోనే పెడుతోందన్నావు. ఎందుకంటే, “గీ అర్ర ఎందుకిచ్చిండ్రో నాకెర్కే బిడ్డా. గిది పోయెటోళ్ల అర్ర. గిండ్ల సామాన్ సదురుకుంటమా?” అన్నదట.

సుమా, జగిత్యాల ఇంటాయన మమ్మల్ని గేటు బయట పెట్టాడు. నేను గేటు లోపల పెట్టాను. ఆ తేడా చాలనుకున్నాను. ఐదో పోర్షన్‌లో ఏడేళ్లు కాపురం చేసిన మనిషికి ఐదో పోర్షన్‌లో పోయే హక్కు లేదా? ఎవరి మంచం ఎక్కడుందో అక్కడే కదా వాళ్ల ఇల్లు. ఏడేళ్ల కవిత ఆ రాత్రి అడిగిందీ అదే. నేను మాత్రం ఒక గది కట్టి, దానికి సున్నం వేస్తూ వచ్చాను.

ఈ మాట పైకే అన్నాను. మీ అమ్మ కాగితం పక్కన పెట్టి, “గా తాడు నాకు యాదికున్నదమ్మా, గేటుకు కట్టింది” అన్నది. ఆమె మరిచిపోయిందనుకుని ఇన్నేళ్లూ నేను ఆ మాట ఎత్తకుండా దాచాను. ఆమె కూడా నాకు చెప్పకుండా దాచింది. ఆ తర్వాత ఇద్దరం చాలాసేపు మీ తాతయ్య గురించి మాట్లాడుకున్నాం, ఆయన చనిపోయిన రాత్రి గురించి కాదు, ఆయన సైకిల్ గురించి, బడి పిల్లలకు ఆయన నేర్పిన ఆటల గురించి.

కాబట్టి ఇవి నా నిర్ణయాలు. గేటు పక్క గది రాజనర్సుకు కిరాయికి ఇవ్వు. పక్కనే మెట్ల కింద స్థలం వంటకు సరిపోతుంది, తడక కట్టించు. కిరాయి వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి. ఈ నెల తీసుకోకు, ఈ నెల ఆయన మనింటికి వచ్చిన చుట్టం. ఐదో పోర్షన్‌కు బోర్డు పెట్టు. గేటు పక్క గది ఇచ్చేస్తే ఐదో పోర్షన్‌ను ఖాళీగా ఉంచాలా అని అడిగావు. వద్దు. ఇక ఈ ఇంట్లో దానికోసం ప్రత్యేకంగా గది ఉండదు. మోటారు దగ్గర అందరినీ నిలబెట్టి నా మాటగా చెప్పు. ఎవరికి ఏమైనా, వాళ్ల గదికే తెచ్చుకోవచ్చు, వాళ్ల మంచం మీదే పడుకోబెట్టుకోవచ్చు, ఎవరినీ అడగనక్కర్లేదు. అది విని కొత్తగా వచ్చేవాళ్లు భయపడి పోతే పోనీ. ఆ నష్టం నేను రాసుకుంటాను. వేణు జెండాలు డాబా మీది రేకుల కింద పెట్టుకోమను, తెలంగాణ వచ్చేదాకా.

బాలవ్వ మూటలు కట్టేటప్పుడు పక్కన కూర్చున్నావు కదా. విప్పేటప్పుడు కూడా నువ్వే కూర్చో. గోడకు మేకులు కొట్టించు. నా గోడకు మేకు కొట్టొద్దని ఇంతకాలం అన్నదాన్నే, ఈ గదికి ఎన్ని కావాలంటే అన్ని కొట్టించు.

ఒక్కటి మాత్రం మారదు. హార్మోనియం రాత్రి తొమ్మిది వరకే. చావు దాకా పోయి వచ్చాను కదా అని రాజనర్సు తొమ్మిదిన్నర అడుగుతాడు. నువ్వు ఇవ్వకు. బస్సులు మొదలవగానే నేను వస్తున్నాను. నన్ను అడగమను.

వస్తున్న నీ అమ్మమ్మ,
దేవవ్వ