గడప దగ్గర ఆరు గ్లాసులు

పటేల్‌గూడ, సోమవారం

ఇంగ్లీషు టీచరమ్మ సునంద గారికి,

మీ దగ్గర ఆదివారం క్లాసుకు వచ్చే పోశమ్మ భర్త ఐలన్న నమస్కరించి రాయునది. ఫోన్ చేస్తే మీరెప్పుడూ క్లాసులోనే ఉంటారు కనుక, ఈ ఉత్తరం కంపెనీ బస్సు డ్రైవర్ నర్సింగ్ చేత పంపుతున్నాను.

మా పోశమ్మ సుల్తాన్‌పూర్ సిరంజిల కంపెనీ క్యాంటీన్‌లో ఆరేళ్లుగా ఉల్లిగడ్డలు కోస్తున్నది. వచ్చే వారం శుక్రవారం ఇంగ్లీషు పరీక్ష పాసైతే ప్యాకింగులోకి మారుస్తారట. మీరిచ్చిన "తయారై డ్యూటీకి బయలుదేరుట" పాఠం బాగుంది. పొద్దున్నే దువ్వెనకు "ఐ కోంబ్ మై హెయిర్" అని చెబుతున్నది. నేను లోపలుండగానే "ఐ లాక్ ద డోర్" అని తాళం వేస్తున్నది. దానికీ సర్దుకున్నాను.

చిక్కంతా చివరి ప్రశ్నతోనే. ఆమె గడప దాటేటప్పుడు నేను "వేర్ ఆర్ యూ గోయింగ్?" అని అడగాలట. బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడిగే ఇల్లు మా వైపు లేదు. అడిగితే వెనక్కొచ్చి, కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. ఈరోజు అడిగాను. వెనక్కొచ్చి నీళ్లు తాగి మళ్లీ గడప దగ్గరికి పోయింది. చాలులే అంటే, "పాఠం ఇడిసిపెడ్తే ఎట్ల? అడుగు" అన్నది. అడిగాను. అట్లా ఆరు గ్లాసులయ్యాయి. బస్సు పోయింది.

పరీక్షలోపు మూడు రోజులు డ్యూటీ తప్పితే పరీక్షకు రానివ్వరు. ఒకటి అయిపోయింది.

ఇట్లు,
ఐలన్న

తా.క. నేను అడగడం మాత్రం బాగున్నదని పోశమ్మ మెచ్చుకున్నది.

పటాన్‌చెరు, మంగళవారం

ఐలన్న గారికి నమస్కారాలు.

తెలుగులో అడిగితే అపశకునం గానీ, ఇంగ్లీషుకు అది అంటదని నా అభిప్రాయం. అయినా మీకు పట్టింపు ఉంటే గడప దగ్గర వద్దు, ఇంకెక్కడైనా అడగండి. సాధన మాత్రం మానవద్దు.

మీ
సునంద

తా.క. నీళ్లు అరగ్లాసు చాలు.

పటేల్‌గూడ, గురువారం

టీచరమ్మ గారికి,

మీ మాట విని వంటింట్లో అడిగాను. ప్రశ్నకు ముందు చెప్పులు వేసుకోవాలని పాఠంలో ఉంది కదా, వేసుకుని వచ్చింది. "పొయ్యి కాడ చెప్పులేంది?" అని నన్నే తిట్టింది. చెప్పులు ఆమెవి.

వెనక నుంచి పిలవడం ఇంకా చెడ్డది. అందుకని ఈరోజు ముందే పోయి సందు మలుపులో నిలబడి, ఎదురుగా వస్తుంటే అడిగాను. పక్కింటి రషీదున్నీసా గారు చూశారు. ముప్పై ఏళ్లుగా కాపురం చేస్తున్న పెళ్లాన్ని ఆపి, ఎక్కడికని ఇంగ్లీషులో అడుగుతుంటే ఎవరికైనా అనుమానమే. "యా అల్లా, భాయికి యాది తప్పింది! జల్దీ ఆటో పిలువుండ్రి!" అని కేకేశారు. నేను బాగానే ఉన్నానంటే వినేవారు లేరు. పోశమ్మే అందరికన్నా ముందు ఆటో ఎక్కింది. రెండో బస్సు పోయింది.

మీరే దిక్కు.
ఐలన్న

తా.క. డాక్టరు "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అన్నాడు. టక్కున చెప్పాను. అయినా మాత్రలు రాశాడు.

పటాన్‌చెరు, శుక్రవారం

ఐలన్న గారికి,

క్షమించండి. ఇక ఆ ప్రశ్న మీ నోట రాకూడదు. ఇంకొక్క రోజు తప్పితే ఆమె కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. పొద్దున లేచింది మొదలు ఏం చేస్తారో చెప్పమంటారు, అంతే. పరీక్షలో ఎక్కడికని ఎవరూ అడగరు.

మీ
సునంద

తా.క. ఈరోజు మా వారిని గడప దగ్గర అదే ప్రశ్న అడిగి చూశాను. ఇస్నాపూర్ దగ్గర స్కూటర్ పంక్చరైంది. నాకు శకునాల మీద నమ్మకం లేదు. రేపటి నుంచి అడగను.

పటేల్‌గూడ, పరీక్ష అయ్యాక మంగళవారం

సునంద మేడం గారికి,

పోశమ్మ నమస్కరించి రాసేది. ఇన్నాళ్లూ ఆయన రాశాడు, ఈసారి నేనే రాస్తున్నాను.

పరీక్షలో ముఖం కడగడం, చీర కట్టడం, తాళం వేయడం అన్నీ తప్పు లేకుండా చెప్పాను. "థాంక్యూ సార్" అని లేచి తలుపు దాకా వచ్చాను. సంతకం పెట్టడం మరిచానట. సారు తల ఎత్తకుండానే, "వేర్ ఆర్ యూ గోయింగ్?" అన్నాడు.

వెనక్కొచ్చి కూర్చున్నాను. బల్ల మీదున్న సారు గ్లాసు ఎత్తి గటగటా తాగేశాను. సారు నోరు తెరిచాడు. అప్పుడు పాఠంలో లేని మాటలు కూడా వచ్చాయి. "సార్, యూ ఆస్క్. ఐ సిట్. ఐ డ్రింక్ వాటర్. నౌ ఐ గో." సారు పడీపడీ నవ్వి, సోమవారం నుంచి ప్యాకింగుకు రమ్మన్నాడు.

మీకు ఒక నిజం చెప్పాలి. ఎవరైనా ఎక్కడికని అడిగితే ఒక్క గ్లాసు చాలు మేడం. మా అవ్వ కూడా ఒక్కటే తాగేది. వద్దంటున్న మనిషి చేత మళ్లీ మళ్లీ అడిగించింది నేనే. నాకు భయమైంది. నలభై ఎనిమిదేళ్లకు ఉల్లిగడ్డల దగ్గర నుంచి లేచి ప్యాకింగు వాళ్ల ఆ తెల్లగదిలోకి పోవాలంటే కాళ్లు రాలేదు. ఆ ఆరింటిలో ఒక్క గ్లాసే శకునానిది. మిగతా అయిదూ నా భయానివి.

నిన్న మొదటి డ్యూటీ. ఆయన తువ్వాల నోట్లో కుక్కుకుని గడప పక్కన నిలబడ్డాడు. నేనే తువ్వాల లాగి, "అడుగు" అన్నాను.

"వద్దే, బస్సు పోతది."

"పోదు. అడుగు."

అడిగాడు. "ఐ యామ్ గోయింగ్ టు వర్క్" అని గడప దాటాను. నీళ్లు తాగలేదు.

మీ శిష్యురాలు
పోశమ్మ

తా.క. ఆయనే భయపడి, గ్లాసు పట్టుకుని బస్సు వెనక ఉరికాడు. అందక, నడిరోడ్డు మీద కూర్చుని ఆ నీళ్లు తానే తాగాడట. రషీదున్నీసా మళ్లీ ఆటో పిలిచింది.