ఎర్ర బండి, నీలం బండి, ఒకావిడ

నోహెమీ అక్కకి,

రుబియెల్ నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ నా నడుంనొప్పీ క్షేమం. కొండమీద నువ్వూ, నీ బడీ, నీ కుడి మోకాలూ కుశలమని తలుస్తాను. నువ్వు ఫోను కొననని భీష్మించావు కాబట్టి ఇది చూచో నడిపే పాలలారీలో పంపుతున్నాను.

పాతికేళ్ళు నగరంలో బస్సు నడిపాక దూరప్రయాణాలకు ఒక మోటార్‌సైకిల్ కొంటున్నాను. వేగంగానూ పోవాలి, రోజంతా నడిపినా నడుం పట్టెయ్యకూడదు. మెకానిక్ గిల్డార్డో షెడ్డులో అలాంటివి రెండున్నాయి. ఎర్రదానికి నాలుగు సిలిండర్లు, ఏనుగంత ఒళ్ళు, సోఫాలాంటి వెనక సీటు. నీలంది రెండు సిలిండర్లది, తేలిక, ఎత్తు తక్కువ. కానీ వెనక సీటు అరెపా రొట్టె అంత.

ఒకటి అడుగుతాను, ఎందుకని అడక్కు. నీ అంత ఎత్తూ, నీ అంత ఒళ్ళూ, నీ ఈడూ ఉండి, కుడి మోకాలు సరిగా వంగని ఒకావిడ లెట్రాస్ కనుమ దాటి మాగ్దలేనా నది దాకా పోవాలంటే ఏది మేలు?

నీ తమ్ముడు
రుబియెల్

తా.క. హెల్మెట్ కోసం ఆవిడ తల కొలత కావాలి. నీది కొలిచి పంపు, చాలు.

*

ఒరే రుబియెల్,

ఆశీస్సులు తర్వాత, ముందు తిట్లు. యాభై ఏళ్ళకి నీకో తోడు దొరికింది, సంతోషం. కానీ ఆ "ఒకావిడ" ఏమిటి? పేరు లేదా ఆమెకి? లావని దాస్తున్నావా, కుంటుతుందని దాస్తున్నావా, నా ఈడుదని సిగ్గా? ముఖం చూడకపోయినా నేను ఆమె పక్షం, రాసి పెట్టుకో.

మీ నగరంలో బండి వెనక మగవాడు కూర్చోకూడదని ఉత్తర్వు, హంతకులు అలాగే తిరుగుతారట. దాని మీద పత్రికకి మూడుసార్లు రాశాను. బండి నడిపేది మగవాడు, వెనక కూర్చునేది ఆడది, అప్పుడే చట్టానికి నిద్ర పడుతుంది. నీ బుర్రా అక్కడే ఆగింది. సోఫాలో కూర్చోబెట్టి మూటలా మోసుకుపోతావా? నడపడం వచ్చా అని ఆమెని ఒక్కసారైనా అడిగావా?

అక్క
నోహెమీ

తా.క. నా తల యాభై ఏడు సెంటీమీటర్లు. నిన్ను ఒప్పుకుందంటే ఆమెది ఇంకాస్త చిన్నదే అయ్యుంటుంది.

*

అక్కా,

దండాలు. ఆవిడ పేరు ఇప్పుడే చెప్పలేను. కోపిష్ఠి మనిషి. ముందే అడిగితే, నన్నెవరూ ఉద్ధరించక్కర్లేదని నాలుగు పేజీలు రాస్తుంది. అందుకే ఎర్రది తీసుకుని ఆమె గుమ్మం ముందు ఆపేద్దామనుకున్నాను.

నడపడం వచ్చు. ఇరవయ్యేళ్ళప్పుడు ఆ వాడలో బండి మీద ఆమెలా మలుపు తిప్పేవాళ్ళు లేరట. తర్వాత వాళ్ళ నాన్న ఆ బండి తమ్ముడికిచ్చేశాడు, మగపిల్లాడని. తిరిగిస్తానన్నాడట తమ్ముడు. ఇవ్వలేదు.

రుబియెల్

తా.క. ఆమె కుంటదు, అక్కా. పరిగెత్తదు, అంతే.

*

రుబియెల్,

నీ ఉత్తరం చదివి బెల్లం నీళ్ళు కూడా తాగలేదు. ప్రతి ఇంట్లో ఇదే కథ, ఇదేం వ్యవస్థరా! మనింట్లో మాత్రం? నాన్న తపాలా మోటార్‌సైకిల్ నా చేతిలోంచి తీసి నీకిచ్చాడు. అప్పుడు నీకు పదహారు, నీ తప్పు లేదు, నిన్నెప్పుడూ ఏమీ అనలేదు. ఆ తమ్ముడు వేరు. పెద్దవాడయ్యాడు, గడ్డం నెరిసింది, ఒక్కరోజైనా తాళంచెవి ఆమె చేతిలో పెట్టాలని తోచలేదు వాడికి. ఆ వెధవని నా ముందుకు తీసుకురా.

బండి ఏదన్నా కొను. హ్యాండిల్ ఆమె చేతికివ్వు, నువ్వు వెనక కూర్చో. అదొక్కటే న్యాయం.

నోహెమీ

తా.క. ఆమెకి నా మాటగా చెప్పు. ఈపాటికి మర్చిపోయి ఉంటామని అందరూ అనుకుంటారు. మర్చిపోము.

*

అక్కా,

ఆ వెధవని నీ ముందుకు తెమ్మన్నావు. నేనే వాణ్ణి.

ఎర్రది వదిలేశాను. అది నిన్ను మూటలా మోసుకుపోయే బండి. నీలంది కొన్నాను. దాని మీద కూర్చుంటే నీ పాదాలు రెండూ నేలకానుతాయి. క్లచ్ తేలిక. నీ మోకాలి కోసం గిల్డార్డో కుడివైపు కాలు పెట్టుకునే కమ్మీ నాలుగు వేళ్ళు కిందికి దించాడు. లైసెన్సుకి దిగులు లేదు. గడువు తీరినప్పుడల్లా కొత్తది చేయిస్తూనే ఉన్నావని నాకు తెలుసు. బండి లేని మనిషికి అదెందుకని ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారీ అడగలేదు నేను.

బడి సెలవులివ్వగానే మా ఇంటికి రా. తాళంచెవి తలుపు వెనక మేకుకి ఉంటుంది. నగరం లోపల నీ వెనక కూర్చుంటే పోలీసులు నన్ను దించేస్తారు, మగవాణ్ణి కదా. అందుకని నేను ముందే బస్సెక్కి చివరి చౌకీ దాటి రోడ్డు పక్కన నిలబడతాను. అక్కడ ఎక్కించుకో. ఆపకుండా పోయినా ఏమీ అనుకోను. ఇన్నేళ్ళూ నేనలాగే పోయాను.

నీ తమ్ముడు, ఆ తమ్ముడు
రుబియెల్

తా.క. వెనక సీటు మీద కూర్చుని చూశాను. అరెపాయే నయం, వేడిగానైనా ఉంటుంది. దిండు పట్టుకుని నిలబడతాను, గుర్తుపట్టు.