వేరు పెట్టిన తువ్వాలు

అమ్మాయ్,

మొన్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కట్టుడు పళ్ళ కింద అంగిలి ఎర్రబడి నెల రోజులుగా ఒకటే మంట. ఆయన లైటు వేసి చూసి, "కాండిడా అమ్మా, ఈస్ట్ ఇన్‌ఫెక్షన్" అన్నాడు. నీ మందుల చీటీ మీద నేను దొంగచాటుగా చదివిన మాటే అది.

"ఎవరి దగ్గర్నుంచి అంటింది?" అని అడిగాను. నిన్ను తలుచుకునే అడిగాను, దాచను.

"ఎవరూ అంటించలేదు. అది మామూలుగా మన ఒంట్లో ఉండేదే. మీరు పళ్ళు తీయకుండా పడుకుంటున్నారు కదా, అందుకే పెరిగింది."

"మరి ఆడవాళ్ళకి తెల్లబట్ట, దురద? అవి నడవడిక బాగోకపోతేనే కదా వచ్చేది?" గొంతు తగ్గించి అడిగాను.

"చాలాసార్లు అదీ ఈ ఫంగస్ వల్లే. యాంటీబయాటిక్ మాత్రలు వాడినా వస్తుంది. నడవడికతో దానికేం పని?"

గొంతు నొప్పికి నువ్వు పది రోజులు ఆ మాత్రలే మింగావు. దగ్గరుండి మింగించింది నేనే.

నీ సబ్బూ తువ్వాలూ వేరు పెట్టించాను. మావాడితో అనరాని మాట కూడా అన్నాను. నువ్వు పుట్టింటికి వెళ్ళింది అందుకేనని తెలుసు. రమ్మని రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు. వాడికి మాత్రం డాక్టరు చెప్పిందంతా పొల్లుపోకుండా చెప్పాను. నీ తువ్వాలు ఉతికి అందరి బట్టలతో కలిపి ఆరేశాను.

ఇప్పుడు రోజూ పడుకునేముందు పళ్ళు తీసి గ్లాసులో వేసి, బాత్రూం అరలో అందరి బ్రష్‌ల పక్కనే పెడుతున్నాను. నా గ్లాసు వేరే పెట్టుకోమని ఇంట్లో ఎవరూ అనలేదు.

మీ అత్తయ్య