గడప కాడ చెప్పిన పేరు

శంషాబాద్

ప్రియమైన చంద్రమ్మకు,

కుర్మయ్య రాయునది. నేను బాగున్నాను అని రాయను. నువ్వు అలిగి మహేశ్వరంలో మీ చెల్లె దుర్గవ్వ ఇంట్లో కూర్చుంటే నేను బాగున్నానని రాయడం అబద్ధం. ఫోన్ చేస్తే నీ ఫోన్ మన ఇంటి గూట్లోనే మోగుతుంది. కావాలనే వదిలిపోయావు. సరే. అక్షరాలు నేర్చినవానికి ఫోనెందుకు? ఈ కాగితం ఎజాజ్ భాయ్ తన ఆటోలో తెస్తాడు.

ముందు విమానం సంగతి. కిర్గిజ్ దేశానికి డాక్టరు చదువు పిల్లలను పంపే హరిప్రసాద్ ఆఫీసుకు పోయివచ్చాను.

"తాతా, నిజంగనే పోతవా? గిప్పుడు ఆడ అంత మంచు. సీజన్ కాదు. ఎవ్వలు పోరు" అన్నాడు.

"ఎవ్వలు పోరు గనుకనే పోత. జాతరల తోసుకునుడు మస్తు చూసిన. జర ఖాళీగ చూపియ్" అన్నాను.

"చలి తట్టుకుంటరా? కోట్లు కిరాయికి దొరుకుతయ్."

నా భుజం మీది గొంగడి తీసి వాని బల్ల మీద పరిచాను. "నీళ్లు పొయ్యి. కిందికి దిగితే నీ కోటు ఏసుకుంట" అన్నాను. పోశాడు. చుక్క దిగలేదు. పక్కకు జారి వాని కాగితాలు మాత్రం తడిశాయి.

పుష్యమాసంలో పోదాం. మనకు శూన్యమాసం, పెండ్లి పిలుపులు ఉండవు. వాళ్లకు గిరాకీ లేని కాలం. ఎండకాలంలో ఆ దేశపు గొర్లు గుట్టలెక్కి కనబడవట. చలికి ఊర్ల పక్కకు దిగుతాయి. మనం చూడబోయేది గొర్లనే గదా, మేడలను కాదు. ఒక్కొక్కదానికి తోకలో గంపెడు కొవ్వు ఉంటుందట.

మన మంద మేసిన బీడు మీదనే ఇప్పుడు విమానాలు ఉరుకుతున్నాయి. ఇన్నేండ్లు గోడ ఇవతల నిలబడి వాటి పొట్టలే చూశాం. ఇగ ఒక్కసారి గేటులో నుంచి దర్జాగా లోపలికి పోయి, పైనుంచి మన ఇంటి కప్పు చూడాలి.

నీ అలక సంగతి. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన పోలీసు "మీ ఆయన పేరేందమ్మా?" అని అడిగాడు. చెప్తే నోరు అరిగిపోతుందా? కొడుకు వీరేందర్, కోడలు, వాడకట్టంతా చూస్తుంటే స్తంభం లెక్క నిలబడ్డావు. "నోట్లె నాలుక లేదా?" అన్నాను. అన్నాను, లేదనను. దానికి సంచి సర్దుకొని పోతారా? రేపు విమానం కాడ అడిగితే గూడ గిట్లనే నిలబడతావా?

పేరు చెప్పడం నేర్చుకొని రా.

ఇట్లు,
కుర్మయ్య


మహేశ్వరం

వీరేందర్ నాయినకు,

చంద్రమ్మ రాయునది. నీ ఉత్తరం ఎజాజ్ అన్న ఇచ్చాడు. చదివి, దుర్గవ్వకు గూడ వినిపించాను. "నేర్చుకొని రా" అన్నకాడ అది నవ్వింది. నేను నవ్వలేదు.

నీతో కాపురం మొదలైనప్పటి నుంచి నీ పేరు నా నోట రాలేదు. మా అమ్మ నోట మా నాయిన పేరు రాలేదు. కొత్తూరు అంగట్లో మా నాయిన తప్పిపోతే "ఎర్ర రుమాలాయన్ను చూసిండ్రా, ఎర్ర రుమాలాయన్ను చూసిండ్రా" అని తిరిగింది గాని పేరు పెట్టి పిలువలేదు. దొరికాడు గదా. నువ్వు జ్వరంతో దవాఖానలో పడ్డనాడు చీటీ రాసే పిల్ల నీ పేరు అడిగితే పక్క మంచం కాడ కూర్చున్న మన ఊరామెతో చెప్పించాను. నీకు సూది వేయకుండా ఆపారా?

ఆ పోలీసు మంచోడు. నవ్వలేదు, తల దించుకొని ఆగాడు. నవ్వింది వాడకట్టు. అరిచింది నువ్వు.

మంచు చూడాలని నాకు లేదనుకుంటున్నావా? ఈ చేతులు మన నల్లగొర్రె ఉన్ని ఎంత వడికాయో నీకు తెలుసు. ఆ తోకలావు గొర్రె ఉన్ని ఒక్కసారి వేళ్ల మధ్య నలిపి చూడాలని నీకంటే ఎక్కువ ఆశ నాకుంది. కాని విమానం కాడ పాస్‌పోర్టు చూసే గాజు కిటికీ ముందు వాళ్లు అడిగి, నేను నోరు మెదపక, నువ్వు మళ్లా గట్లనే అరిస్తే, అంతమంది నడుమ నేనెక్కడ తల పెట్టుకోవాలి? అందుకే రాను. నువ్వు పోయి రా. వచ్చేటప్పుడు పిడికెడు ఉన్ని తే.

దుర్గవ్వ రాయమన్న మాట: "బావా, పుష్యంల పయనమేంది, తిక్క లేసిందా?"

ఇట్లు,
చంద్రమ్మ


శంషాబాద్

ప్రియమైన చంద్రమ్మకు,

కుర్మయ్య రాయునది. పిడికెడు ఉన్ని తెమ్మన్నావు. నేను నీ జీతగాణ్ణా? దుర్గవ్వకు చెప్పు, తిక్క ఇప్పుడు లేవలేదు, పుట్టినప్పటి నుంచి లేచే ఉంది.

ఇక్కడ వీరేందర్‌తో రోజూ కొట్లాటే. "నాయినా, డెబ్బై ఏండ్లకు హనీమూన్ ఏందే? దోస్తులు నవ్వుతున్నరు. నా ఇజ్జత్ పోతది" అన్నాడు.

"నీ ఇజ్జత్ నా గొంగడి కింద పండి పెరిగింది రా. అది గట్ల పోదు" అన్నాను.

"పోవాల్నంటే అమ్మను తీస్కొని కాశికి పో."

"కాశికి తర్వాత పోత. ముందు బతికినోళ్లు పోయే కాడికి పోత."

కోడలు భాగ్యలక్ష్మి వంటింట్లో కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆమె నా దిక్కే.

నీ పాస్‌పోర్టు వచ్చింది. ఫొటోలో నన్ను కొట్టడానికి వస్తున్నట్టు ఉన్నావు. చివరి కాగితం మీద మీ నాయిన, మీ అమ్మ పేర్ల కింద నా పేరు అచ్చు వేశారు. సర్కారుకు లేని సిగ్గు నీకెందుకు?

ఇంకో మాట. నా పేరు నీ నోట రాలేదన్నావు. తప్పు. ఒక్కసారి వచ్చింది. నువ్వు కొత్తకోడలుగా వచ్చిననాడు మా అక్క గడపకు అడ్డం నిలబడి "పేర్లు చెప్తెనే లోపలికి, లేకుంటే బయటనే" అన్నది. నువ్వు తల వంచుకొని "చంద్రమ్మ, కుర్మయ్య వచ్చినం, దర్వాజ ఇడువుండ్రి" అన్నావు. అందరికీ వినబడలేదు. నాకు వినబడింది.

మళ్లీ ఎన్నడూ వినలేదు. అక్షరాల బడిలో స్వరాజ్యం టీచర్ ఆడోళ్లందరితో మొగుళ్ల పేర్లు రాయించింది. అందరూ రాశారు. నువ్వు "వీరేందర్ నాయిన" అని రాసి పలక బోర్లా పెట్టావు. నా పేరంటే నీకంత గిట్టదా?

శుక్రవారం హరిప్రసాద్ దగ్గరికి పోతున్నాను. నువ్వు వస్తానంటే రెండు టికెట్లు. లేకుంటే ఒక్కటే. నేను ఆగేవాణ్ణి కాదు.

ఇట్లు,
కుర్మయ్య


మహేశ్వరం

వీరేందర్ నాయినకు,

ఒక్కటే తీయించు.

గడప కాడ చెప్పింది గడప దాటడానికి. మీ ఇంట్లోకి వచ్చినంక మళ్లా మళ్లా చెప్పడానికి అది కూరగాయలోళ్ల కేక కాదు. గిట్టక కాదు. పెట్టెలో దాచుకున్న చీరెను రోజూ కట్టి పొయ్యి ముందు కూర్చోరు.

నీ బీపీ గోలీలు బియ్యం డబ్బా పక్కన ఉన్నాయి. వేసుకో.

ఇట్లు,
చంద్రమ్మ


శంషాబాద్

ప్రియమైన చంద్రమ్మకు,

కుర్మయ్య రాయునది. గోలీలు దొరికాయి.

శుక్రవారం పోయాను. "ఒక్కటే టికెట్" అన్నాను. హరిప్రసాద్ కంప్యూటర్‌లో విమానం సీట్లు చూపించాడు. అన్నీ జంటలు జంటలుగా ఉన్నాయి. "తాతా, కిటికీ పక్కదా, ఇవతలిదా?" అని అడిగాడు. కిటికీ పక్క నేను కూర్చుంటే ఇవతల ఎవడో కూర్చుంటాడు. మన ఇంటి కప్పు కనబడితే వానికి చూపించాలా?

రెండు తీయించాను. కిటికీ నీది. నువ్వు రాకుంటే రెండూ చింపేస్తా. ఒక్కణ్ణే పోయి మంచులో నిలబడి ఫొటో దిగేటంత సోకు నాకు లేదు.

ఇగ పేరు సంగతి. వాళ్లు నిన్ను అడిగితే నేను ముందుకు వస్తా. "ఆమె చెప్పదు. మా రివాజు. పుస్తకంల అచ్చేసి ఉంది, చదువుకో" అంటా. కుదరదంటే సంచులు పట్టుకొని ఇద్దరం తిరిగి నడిచి వస్తాం. ఎవడు నవ్వుతాడో నవ్వనీ. నిన్ను ఒక్క మాట అనను.

నిన్న మన వాకిట్లో, ఆ పోలీసు నిలబడ్డ చోటనే నిలబడి వాడకట్టుకు గూడ చెప్పాను. "నా పెండ్లాం నా పేరు చెప్పదు. మీ పెండ్లాలు పొద్దుగూకులు మీ పేర్లు పిలుస్తరు. ఒక్కడన్న పలుకుతుండ్రా?" అన్నాను. మొగోళ్లు గమ్మున లోపలికి పోయారు. ఆడోళ్లు చాయ్ తెచ్చి ఇచ్చారు.

హరిప్రసాద్‌తో నీళ్లు పోయించిన గొంగడి పైపైన ఇంకా పచ్చిగనే ఉంది. ఎట్ల ఆరబెట్టాలో నీకే తెలుసు.

ఇట్లు,
కుర్మయ్య


మహేశ్వరం

వీరేందర్ నాయినకు,

చంద్రమ్మ రాయునది. నీ ఉత్తరంతో పాటు ఎజాజ్ అన్న తన ఇంటామె మాజిదాను గూడ తెచ్చాడు. ఆమె విమానమెక్కి మక్కాకు, ఉమ్రాకు పోయివచ్చింది గదా, అక్కడ ఏం అడుగుతారో చెప్పమని దుర్గవ్వ పట్టుకుంది.

"ఏం అడగరు అక్కా. మొకం చూస్తరు, పుస్తకం చూస్తరు, ముద్ర గొట్టి పొమ్మంటరు. నన్నైతే ఎజాజ్ పేరు ఎవ్వలు అడగలే" అన్నది.

దుర్గవ్వ చప్పట్లు కొట్టింది. "ఇగ పరేషాన్ లేదక్కా, పో" అన్నది. నాకు సంతోషం కావాలి గదా, కాలేదు. మాజిదా పోయినంక గూడ ఉన్ని ఏకుతూ అదే ఆలోచించాను.

ఆ గాజు కిటికీ గూడ ఒక గడపనే. మీ అక్క నిలబడ్డట్టే ఒకరు అడ్డం ఉంటారు. దాటితే కొత్త చోటు. నీ పక్కన నిలబడి, పేరు చెప్పకుండా కొత్త గడప ఎట్ల దాటుతాను?

వాళ్లు అడిగినా చెప్తా, అడగకున్నా చెప్తా. వాళ్లు నోరు తెరవకముందే చెప్తా. ఈసారి తల వంచను, వెనకనున్న వాళ్లందరూ వినేటట్టు చెప్తా. నువ్వు నోరు మూసుకొని పక్కన నిలబడు. మీసం దువ్వినా, ముసిముసి నవ్వినా అక్కడి నుంచే దుర్గవ్వ ఇంటికి వస్తా. మళ్లా ఇంట్లో చెప్పమంటే మాత్రం చెప్పను.

గొంగడిని ఎండలో వేయకు, గట్టిపడుతుంది. నీడకు దండెం మీద వేయి. రేపు ఎజాజ్ అన్న ఆటోలో వస్తున్నా. వీరేందర్‌కు చెప్పు, వాని ఇజ్జత్‌ను జర గట్టిగా పట్టుకొమ్మని. స్వరాజ్యం టీచర్ కనబడితే ఈ కాగితం చూపించు. ఆనాడు పలక మీద రాయనిది కింద రాస్తున్నాను.

ఇట్లు,
చంద్రమ్మ, కుర్మయ్య వచ్చినం.