బాపు డిస్కుకు బొట్టు

శ్రీరాంపూర్

తమ్ముడు సంపత్‌కు,

"అవ్వనే డిస్కు ఖరాబ్ చేసింది" అని కన్నతల్లి గురించి ఫోన్‌లో ఎట్లా అన్నావు? బాపు గని నుంచి రిటైరైన రోజు వీడియోను ఒక్క చౌక డిస్కులోకి ఎక్కించి, క్యాసెట్ పారేసింది నువ్వు. ఇంకో పూర్తి కాపీ ఉంచలేదు. "గిండ్ల బాపు ఉన్నడు, నూరేండ్లుంటడు, పైలం" అని అవ్వ చేతిలో పెట్టావు. ఆమె నమ్మింది. బాపు పోయాక, పోయిన పెద్దలకు పెట్టుకునే ప్రతి పెత్తరమాసకు మెరిసే వైపు కొంగుతో తుడిచి, పటానికి పెట్టినట్టే పసుపు రాసి బొట్టు పెట్టింది. ఇప్పుడది ఆడడం లేదు. నీ ఫోన్‌లో మిగిలిన ముక్కను ఎంత కుదించావంటే, బాపు మొఖం గళ్ళుగళ్ళుగా ఉంది.

"మీ బాపు మొఖం నా చేత్తోనే తుడిసేసిన్నా బిడ్డా?" అని అవ్వ రోజూ అడుగుతోంది.

నాకు జవాబు రాయొద్దు. వచ్చి ఆమెకు చెప్పు.

అక్క